గైడ్‌ని ఎంచుకునే ముందు ఎవరితో టీ తాగాలి?

నెట్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ నాకు వచ్చే మెసేజ్ ఒకటే. "అన్నా, జేఆర్‌ఎఫ్ వచ్చింది, పీహెచ్‌డీకి ఏ టాపిక్ తీసుకోను?" అని. టాపిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు గైడ్ ఎవరు? టాపిక్ మధ్యలో మారుతుంది, నాది రెండుసార్లు మారింది. గైడ్‌ని మార్చడం మాత్రం అంత తేలిక కాదు. నేను మార్చాను, అందుకే చెప్తున్నా.

నేను డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గర చేరాను. ఆయన పేరు చెప్పను, యూనివర్సిటీ పేరూ చెప్పను. ఆయన చెడ్డవారేం కాదు. సెమినార్‌లో మాట్లాడుతుంటే నోరెళ్లబెట్టి వినేవాణ్ణి. ఇంటర్వ్యూ అయ్యాక భుజం తట్టి "మనం మంచి పని చేద్దాం" అన్నారు. అంతే, పడిపోయా. ఆయన దగ్గరే చేస్తున్న సీనియర్ అక్క ఒకరు క్యాంటీన్‌లో టీ తాగుతూ, "తమ్ముడూ, సార్ చాలా మంచివారు. కాకపోతే దొరకరు" అంది. నవ్వి ఊరుకున్నా. ఆ "కాకపోతే" దగ్గర నేను ఆగి ఉండాల్సింది.

మొదటి చాప్టర్ ఇచ్చాను. ఏడు నెలలు ఆయన టేబుల్ మీదే ఉంది. ఎప్పుడు వెళ్లినా ఢిల్లీలో మీటింగ్, కాదంటే కమిటీ, అదీ కాదంటే ఎవరిదో వైవా. ఒకరోజు గదిలోకి వెళ్తే నా చాప్టర్ మీద టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక కనిపించింది. పేజీ మాత్రం తిప్పలేదు. కోపం రాలేదండీ, భయం వేసింది. ఫెలోషిప్ మొత్తం అయిదేళ్లే కదా, జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు. 2023 నుంచి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. ఆ ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారాలన్నా మీ పని చూసి కమిటీ సరే అనాలి, ఆ కమిటీలో మళ్లీ గైడే ఉంటారు. ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెన్నాళ్లురా?" అనేవారు. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేసేవాణ్ణి.

మూడో ఏడాది ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ దగ్గరకి మారాను. పాత సార్ సంతకం రెండు నిమిషాల్లో పెట్టేశారు. ఆయన దగ్గర నాకు అంత త్వరగా అయిన పని అదొక్కటే! మేడమ్‌కి పెద్ద పేరు లేదు. నా చాప్టర్ పది రోజుల్లో తిరిగొచ్చింది, నిండా పెన్సిల్ రాతలు. మొదటి పేజీలోనే "ఈ పేరా నాకు అర్థం కాలేదు. నీకు అయిందా?" అని ఉంది. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. మొదట్నుంచీ మళ్లీ రాశా. మారినందుకు నాకు ఏడాది పోయింది.

సరే, మరి ముందే ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో శోధ్‌గంగ తెరవండి. మన దేశంలోని థీసిస్‌లు అందులో ఉంటాయి. మీరు అనుకుంటున్న గైడ్ పేరు కొట్టండి. చాలా థీసిస్‌లకి రిజిస్టర్ అయిన తేదీ, పూర్తయిన తేదీ ఉంటాయి, లెక్క వేసుకోండి. తర్వాత కృతజ్ఞతల పేజీ చదవండి. చాప్టర్లు దిద్దినందుకు ఫ్రెండ్‌కీ, "ఆశీస్సులు" ఇచ్చినందుకు గైడ్‌కీ థ్యాంక్స్ చెప్పి ఉంటే విషయం మీకే అర్థమవుతుంది.

ఖాళీ కూడా చూసుకోవాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లని తీసుకోకూడదు. నాలుగేళ్లు ఉందా? "తర్వాత నా సంగతేంటి సార్" అని మొదటిరోజే అడిగేయండి. మొహమాటపడితే నష్టం మీకే.

"అన్నా, మా దగ్గర గైడ్‌ని డిపార్ట్‌మెంటే కేటాయిస్తుంది కదా" అంటారు. నిజమే. కానీ ఎవరి దగ్గర ఎంతమంది ఉన్నారు, ఎవరి సబ్జెక్ట్ ఏంటి, మీ ఆసక్తి ఏంటి అన్నది చూసే కేటాయించాలి. కాబట్టి ఇంటర్వ్యూకి ముందే వెళ్లి కలవండి, మీ ప్రపోజల్ వాళ్ల పనికి దగ్గరగా రాయండి.

అన్నిటికంటే ముఖ్యం, టీ. మూడో ఏడు, నాలుగో ఏడు చదివేవాళ్లతో తాగండి. మధ్యలో మానేసినవాళ్లు దొరికితే బిల్లు మీరే కట్టండి. వాట్సాప్‌లో అడగొద్దు, రాతలో ఎవరూ నిజం చెప్పరు. "సార్ ఎలాంటివారు?" అని కూడా అడగొద్దు, "చాలా మంచివారు" అనేస్తారు. "నువ్వు ఆఖరి చాప్టర్ ఎప్పుడిచ్చావ్? ఎప్పుడు తిరిగొచ్చింది?" అని అడగండి. వాళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే వాళ్ల మొహం చూడండి.

నాకు టీ తాగించిన ఆ అక్క ఆరో ఏట సబ్మిట్ చేసింది, ఇప్పుడు తనే ఒకచోట గైడ్. ఈ ఎపిసోడ్ కోసం మొన్న ఫోన్ చేశా. "ఇప్పుడు కాదు తమ్ముడూ, మా స్టూడెంట్ చాప్టర్ దిద్దుతున్నా, రేపు ఇచ్చేయాలి" అని పెట్టేసింది.