అగ్గిపుల్ల వెలుగులో

దెయ్యం కథకు సిరాబొమ్మ ఎలా వెయ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. నిన్న సాయంత్రం తునిలో దిగగానే ఇంటర్ చదివే ఒక అమ్మాయి తన బొమ్మ చేతిలో పెట్టి, "ఉన్నదున్నట్టు చెప్పండి మాస్టారూ" అంది. అందరి ముందూ దాని గురించి నేను మాట్లాడటానికి ఒప్పుకుంది కాబట్టి ఆ బొమ్మ గురించే చెబుతాను.

కథ వాళ్ల మామ్మ చెప్పింది. ఆఖరి బండి దిగిన ఒకాయన తాండవ ఏటి ఇసుకలో పడి పాయకరావుపేట వైపు నడుస్తుంటాడు. వెనకనుంచి ఎవరో చుట్టకు నిప్పు అడుగుతారు. అగ్గిపుల్ల గీసి ఇటు తిరిగి చూస్తే, అడిగినవాళ్ల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి.

అమ్మాయి ఏం వేసిందంటే, పైన నిండు చందమామ, పక్కన ఊడల మర్రి, గబ్బిలాలు, నట్టనడుమ కోరలు పెట్టుకున్న దెయ్యం, మూలన పారిపోతున్న మనిషి. చెయ్యి మంచిది, గీతలో తడబాటు లేదు. మర్రి బెరడుకే రెండు రాత్రులు పట్టిందట. నాకు మాత్రం భయం వెయ్యలేదు. ఆకాశానికీ చెట్టుకూ దెయ్యం చీరకూ ఒకటే దట్టంలో అడ్డగీతలు కొట్టేసింది. ఇక కన్ను ఎక్కడ నిలవాలి?

జింకు బ్లాకులతో బొమ్మలు అచ్చువేసే రోజుల్లో బ్లాకు మీద గీత ఉన్నచోట సిరా అంటేది, లేనిచోట అంటేది కాదు. బూడిదరంగు కావాలంటే సన్నగీతలు పక్కపక్కన గీసి కన్నును నమ్మించాలి. పైగా పెద్దగా వేసిన బొమ్మను అచ్చులో తగ్గించేవారు. గీతలు మరీ ఒత్తుగా ఉంటే పూడుకుపోయి మచ్చ అయ్యేది. అందుకని ఆనాటి చిత్రకారులు ముందు తెలుపు ఎక్కడ వదలాలో తేల్చుకుని, ఆ తర్వాతే కలం ముంచేవారు. మన నరసాపురంలో పుట్టిన బాపు గారి గీతలో చూడండి, వదిలేసిన కాగితం కూడా బొమ్మే.

ఇక బేతాళుడు. 1947లో మొదలైన చందమామ పత్రికలో 1952లో చేరారు కె.సి. శివశంకరన్ గారు, మనందరి శంకర్. ఆయన వేసిన బేతాళ కథల బొమ్మలో విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో దూసిన కత్తి, చుట్టూ పుర్రెలు, పాములు. చిన్నప్పుడు ఆ పేజీని వేలితో కప్పి కథ చదివేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. రాజు మొహంలో భయం లేదు, అడుగు ముందుకే పడుతోంది. శవం ఇంకా నోరు విప్పలేదు. జరగబోయేదాన్ని ఆయన మనకు వదిలేశారు. 2020లో ఆయన కన్నుమూసిన మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఇవ్వాల్సింది, ఆ బాధ నాకు పోదు.

అమ్మాయి ఎంచుకున్న క్షణంలోనే చిక్కంతా ఉంది. మనిషి పరిగెత్తాడంటే భయం అయిపోయినట్టే. అగ్గిపుల్ల వెలిగిన క్షణం పట్టుకోవాలి. అప్పుడు చందమామ అక్కర్లేదు, నిండువెన్నెల్లో అగ్గిపుల్లకు విలువేముంది?

రెండు తెల్ల అట్టముక్కలు తీసుకుని బొమ్మ మీద పక్కలనుంచి జరుపుతూ వచ్చాను. మర్రి పోయింది, గబ్బిలాలు పోయాయి. అమ్మాయి మొహం చిన్నబోయింది. రెండు రాత్రుల కష్టం కదా, నాకూ ప్రాణం ఉసూరుమంది. దెయ్యం తలను కూడా కప్పేశాక చీర అంచు కింద ఇసుకా, అందులో మడమలూ మిగిలాయి. "అయ్యో, ఇక్కడుందా!" అంది తనే.

చివర్లో ఒక్క మాట కలిపాను. మర్రి ఏ కథలోనైనా ఉంటుంది. మీ ఏటి ఒడ్డున రాత్రి గాలికి ఎండిన తాటిమట్టలు గలగలమంటాయి కదా, అవి వెయ్యమ్మా అన్నాను.

పొద్దున్నే కొత్త బొమ్మ తెచ్చింది. ముప్పాతిక కాగితం కటిక నలుపు. కుడివైపు, నడిమికి కాస్త దిగువన, అగ్గిపుల్ల. ఆ వెలుగులో బండి దిగినాయన గడ్డమూ, ఆయన పట్టుకున్న పుల్లకేసి నలుపులోంచి చాపిన చెయ్యీ, ఆ చేతిలో ఆరిన చుట్టా. కింద ఇసుకలో రెండు పాదాల గుర్తులు, మొదట చూస్తే కనబడవు. చుట్ట పట్టిన బొటనవేలు కాస్త పొడుగైంది, దాన్ని మళ్లీ దిద్దాలి. మిగతాదాంట్లో నేను ఒక్క గీత కూడా ముట్టను.

అదిగో, ద్వారం పక్క గోడకు తగిలించాం. ముందు పది అడుగుల దూరంనుంచి చూడండి. తర్వాత దగ్గరికి వెళ్లి పాదాలు వెతకండి.