రాయబార కార్యాలయపు సూచనను చదువు విధము



2022వ సంవత్సరము మార్చి 3వ తేదీన ఢిల్లీ పొలిమేరలో, ఘజియాబాదు చెంతనున్న హిండన్ వైమానిక స్థావరమున నాలుగు సి-17 విమానములు దిగినవి. ఉక్రెయిన్ యుద్ధమునుండి బయటపడిన సుమారు ఎనిమిదివందల మంది భారతీయులు వానిలో వచ్చిరి. ఆ దినములలో అశోకా రోడ్డునందలి ఆంధ్ర, తెలంగాణ భవనములు తెలుగు విద్యార్థులకు విడిదిండ్లయినవి. వారిని స్వస్థలములకు చేర్చు భారమును రెండు రాష్ట్ర ప్రభుత్వములును వహించినవి. "ఆపరేషన్ గంగ" యను పేర జరిగిన ఆ తరలింపులో 90 విమానములు తిరిగినవి. వానిలో 14 వాయుసేనవి. అంతకుముందు వచ్చినవారితో కలిపి ఇంచుమించు 22,500 మంది భారతీయులు స్వదేశము చేరిరి. నలుగురు కేంద్రమంత్రులు ఉక్రెయిన్ పొరుగు దేశములకు స్వయముగా వెళ్ళి ఏర్పాట్లు చూచిరి.

ఇది ఘనకార్యమనుటలో సందేహము లేదు. అయినను ఒక సంగతి గమనింపదగియున్నది. ఆ విమానములలో ఒక్కటియు ఉక్రెయిన్ గడ్డనుండి లేవలేదు. రుమేనియా, హంగరీ, పోలండు, స్లొవేకియా దేశములనుండి లేచినవి. విద్యార్థి గదికిని సరిహద్దునకును నడుమనున్న దూరమును విమానము తీర్పజాలదు. నేటి ప్రసంగము ఆ దూరమును గూర్చినది. అంతకంటె ముఖ్యముగా, ఆ దారి ఇంకను సుగమముగా నున్నప్పుడు వెలువడిన మూడు కాగితములను గూర్చినది.

కీవ్ నగరమునందలి మన రాయబార కార్యాలయము 2022 జనవరిలోనే భారతీయుల నమోదును ఆరంభించెను. సుమారు ఇరువదివేల మంది పేరులు వ్రాయించుకొనిరి. ఫిబ్రవరి 15న మొదటి సూచన వెలువడెను. ఉండుట అత్యవసరము కానివారు, అందును విద్యార్థులు, తాత్కాలికముగా దేశము విడుచుటను పరిశీలింపవచ్చునని దాని సారాంశము. అయిదు దినములకు, 20వ తేదీన, తాత్కాలికముగా విడిచి పోవలసినదని సలహా వచ్చెను. 22వ తేదీన వచ్చిన సూచన, ఆన్‌లైన్ తరగతులను గూర్చి విశ్వవిద్యాలయముల ఉత్తరువుకై వేచియుండక బయలుదేరుడని చెప్పెను. ఆ దినముననే ఎయిరిండియా ప్రత్యేక విమానమొకటి రెండువందల నలుబదిమందిని ఢిల్లీకి చేర్చెను. 24వ తేదీ తెల్లవారుజామున యుద్ధము మొదలాయెను. ఆ ఉదయము కీవ్‌నకు బయలుదేరిన రెండవ విమానము, ఉక్రెయిన్ ఆకాశము మూతపడుటచేత, నడిదారినుండి వెనుదిరిగెను. అప్పటికి వెలుపలికి వచ్చినవారు సుమారు నాలుగువేల మంది మాత్రమే.

తక్కినవారేల రాలేదు? వారు మూర్ఖులు కారు. అప్పుచేసి కట్టిన రుసుము, హాజరు పోయిన చదువు చెడునను భయము, ఒక్కమారుగా పెరిగిన టిక్కెట్టు వెల వీనిలో నున్నవి. ఊరిలోని తల్లిదండ్రులు ఈ లెక్కలన్నియు వేసికొనిరి. "పరిశీలింపవచ్చును" అను మాట వారి చెవికి ఉండినను ఫరవాలేదనునట్లు వినబడెను. మనకును అంతే. మన కార్యాలయములలో పరిశీలింపవచ్చునని వ్రాసిన కాగితము మరి మూడు బల్లలు తిరిగిగాని కదలదు.

రాయబార కార్యాలయపు వ్రాతకు వేరు లక్షణము కలదు. ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వము తన దేశమున భయము లేదని చెప్పుచున్నప్పుడు, ఆ రాజధానిలో కూర్చున్న రాయబారి "యుద్ధము రానున్నది, పరుగిడుడు" అని వ్రాయజాలడు. తొందరపాటు మాటచే జనము ఒక్కమారుగా స్టేషన్లపై పడిన ప్రమాదము వేరు. కావున అతడు మెత్తని మాటను ఎన్నుకొనును. చదువరి ఆ మెత్తదనమును తీసివేసి చదువుకొనవలెను. మాట ఎంత గట్టిగా నున్నదని కాక, నిన్నటి మాటకంటె నేటి మాట ఎంత గట్టిపడినదని చూడవలెను. పైని చెప్పిన మూడు కాగితములును పక్కపక్కన పెట్టినచో, "పోవచ్చును" అనునది ఏడు దినములలో "ఎవరి ఉత్తరువునకును ఆగవలదు" అని మారినది స్పష్టమగును. ఒక్కొక్క దానినే విడిగా చదివినవారికి ఆ మెట్లు కనబడలేదు.

యుద్ధము మొదలైన పిదప వివేకము తలక్రిందులగును. అంతవరకు కదలుట క్షేమము. అటుపై కదలుటయే ప్రాణాపాయము కావచ్చును. ఫిబ్రవరి 26న రాయబార కార్యాలయము, ముందుగా తెలుపక సరిహద్దు చౌకీలకు పోవలదనియు, నీరు, తిండి, నీడ గల పడమటి నగరములలో నున్నవారు ఉన్నచోటనే యుండుట మేలనియు చెప్పెను. అది మంచి సలహాయే. పోలండు సరిహద్దున పిల్లలు గడ్డకట్టు చలిలో రాత్రింబవళ్ళు నిలువవలసివచ్చెను. కాని మార్చి 1న కీవ్‌లోనివారిని ఆ దినముననే, దొరికిన సాధనముతో, నగరము విడువుమనెను. ఆ దినముననే ఖార్కివ్‌లో ఒక భారతీయ విద్యార్థి ఫిరంగి దాడిలో మరణించెను. మరునాడు ఖార్కివ్ వారికి వచ్చిన ఆదేశములో మెత్తదనము లేశమును లేదు: సాయంకాలము ఆరు గంటలలోగా పెసోచిన్, బబాయె, బెజ్‌ల్యుదోవ్‌క అను ఊళ్ళకు చేరుడు, వాహనము లేకున్న నడచి పొండు. ఆ ఊళ్ళు పదకొండు మొదలు పదునారు కిలోమీటర్ల దూరమున నున్నవి. పదునైదు దినములక్రితము పరిశీలింపవచ్చునన్న కార్యాలయమే ఈ మాట వ్రాసినది.

సుమీ నగరమున చిక్కినవారి కథ వేరు. సుమారు ఏడువందల మంది విద్యార్థులు, నీటి సరఫరా నిలిచిపోగా మంచును కరగించుకొని త్రాగుచు, సొరుగు గదులలో తలదాచుకొనిరి. విసిగి, తామే సరిహద్దువైపు నడచిపోదుమని మార్చి 5న ప్రకటించిరి. ఆగుడని అధికారులు బతిమాలిరి. 7వ తేదీన బస్సులెక్కుచుండగా, దాడులు ఆగలేదని మరల దింపివేసిరి. 8వ తేదీన మార్గము తెరచుకొనెను. పొల్తావా వరకు బస్సులలో, అటుపై రైలులో పడమటికి చేరిరి. ఆ మూడు దినముల ఓర్పు ఎంత కష్టమో తండ్రి స్థానమునుండి చూచినవారికి తెలియును. అయినను బృందమును విడిచి ఇద్దరు ముగ్గురుగా బయలుదేరినచో వారిని కాపాడు బాట యేదియు ఉండెడిది కాదు.

తెలుగువారికి ఇట్టి అనుభవము క్రొత్తది కాదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినప్పుడు, ఓడరేవులో మూటలు మోయుచున్నవారిలో మనవారు మిక్కుటముగా నుండిరి. కొరంగి రేవు పేరిట వారిని బర్మావారు కొరంగీలనెడివారు. వారు నగరము విడిచి ప్రోము దారిపట్టగా, రేవు పని ఆగరాదని పాలకులు వారిని మరల రప్పింపజూచిరి. 1942 మార్చి 8న రంగూను పడిపోయెను. అంతకు ముందును వెనుకను లక్షలాది భారతీయులు అరకాను కనుమలగుండ, మణిపురపు కొండలగుండ కాలినడకను వచ్చిరి. విషూచి, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే పొట్టన పెట్టుకొన్నవి. నాటివారికి హెచ్చరిక పంపు స్వప్రభుత్వము లేదు. నేటివారికి ఉన్నది. దానిని వినియోగించుకొనకపోవుటయే నేటి చిక్కు.

ఇక కాగితముల మాట. పరదేశమందున్నవాడు చేరిన వారములోనే రాయబార కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. గది మారిన చిరునామా మార్పించవలెను. పాస్‌పోర్టు యజమాని బీరువాలోనో కళాశాల కార్యాలయములోనో ఉండరాదు. గల్ఫు దేశములకు ఇంటి పనికై పోయిన కడప, గోదావరి జిల్లాల స్త్రీలకు ఈ చిక్కు చిరపరిచితము. పాస్‌పోర్టు పోయినచో రాయబార కార్యాలయము ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు ఇచ్చును. అది స్వదేశమునకు ఒక్క ప్రయాణమునకే చెల్లును. నాల్గవ జెనీవా ఒడంబడిక, 1949, ముప్పదియైదవ అధికరణము ప్రకారము, యుద్ధమారంభమున దేశము విడువగోరు విదేశీయునికి, ఆ రాజ్యప్రయోజనములకు విరుద్ధము కానిచో, విడుచు హక్కు కలదు. కాని సరిహద్దు చౌకీవాడు ఒడంబడికను చదువడు, పాస్‌పోర్టును చదువును.

ఢిల్లీలోని మన కుటుంబములకు సంబంధించిన సంగతి మరియొకటి. బిడ్డలలో కొందరు అమెరికా పౌరులైరి. వారి చేత ఓసీఐ కార్డున్నను వారు భారత పౌరులు కారు. మూడవ దేశమున ఆపద వచ్చినచో వారు మొదట ఆశ్రయింపవలసినది అమెరికా రాయబార కార్యాలయమునే. అచ్చట తరలింపు ఖర్చును తరువాత చెల్లింతునని ప్రామిసరీ నోటుపై సంతకము చేయింతురు. భార్య భారత పౌరురాలు, భర్త అమెరికా పౌరుడు అయిన ఇంట ఇద్దరికి రెండు వరుసలు. ఏ వరుసలో పసిబిడ్డ నిలుచునో ముందే మాటలాడుకొనవలెను.

చదువు చెడునను భయముతో ఆగినవారి సంగతి ఏమైనది? జాతీయ వైద్య కమిషన్ 2022 జూలైలో, ఆ సంవత్సరము జూన్ 30 నాటికి చదువు ముగించి పట్టా పొందినవారిని స్క్రీనింగ్ పరీక్షకు అనుమతించి, దానిలో నెగ్గినవారికి రెండేండ్ల ఇంటర్న్‌షిప్ విధించెను. సెప్టెంబరులో ఇతర దేశముల విశ్వవిద్యాలయములలో తాత్కాలికముగా చదువుటకు సమ్మతించెను. 2023 మార్చిలో, చివరి సంవత్సరపు విద్యార్థులు భారతదేశముననే రెండు భాగముల వైద్యపరీక్షలు ఒక్కమారు వ్రాయవచ్చునని సుప్రీంకోర్టు ఎదుట కేంద్రము చెప్పెను. దారులు ఆలస్యముగా, ఇరుకుగా తెరచుకొన్నవి, కొందరికి తెరచుకొననేలేదు. అయినను ఫిబ్రవరి 22న కీవ్‌నుండి ఢిల్లీకి వచ్చిన విద్యార్థికిని, మార్చి 11న సుమీనుండి వచ్చిన విద్యార్థికిని ఈ విషయమున కమిషన్ ఎట్టి భేదమును చూపలేదు.