కడలి లోపలి చప్పుళ్లకు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



వరియు చెరకును పండించు కంకిపాటిలో సముద్రజంతువుల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. బందరు రోడ్డున బయలుదేరినవారు సముద్రమును చూడవలెనన్న అరువది కిలోమీటర్లకు పైగా పోవలెను. కాని ఈ డెల్టా యంతయు కృష్ణవేణి వేలకొలది యేండ్లు ఒండ్రుమట్టి తెచ్చి సముద్రమునుండి గెలిచిన నేలయే గదా! కావున సముద్రము ఈ సీమకు హద్దుదారు. హద్దుదారు లోగిలిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట గ్రామస్థులకు తగని పని కాదు.

పూర్వులు ఆ లోగిలిని కొంత యెరిగియే యున్నారు. అమరసింహుడు తన నిఘంటువులోని వారివర్గమున తిమి తిమింగిలాదులను చేపల వరుస చివర చేర్చి, శిశుమారమును జలజంతువులలో వేరుగా చెప్పెను. తిమిని మ్రింగునది తిమింగిలమని వ్యుత్పత్తి. భాగవత పంచమస్కంధములో జ్యోతిశ్చక్రమంతయు శిశుమార రూపమున నున్నదని వర్ణన గలదు. తెలుగున ఆ స్కంధమును రచించినవాడు పోతన గాడు, గంగన. అశోక చక్రవర్తి పట్టాభిషిక్తుడైన ఇరువదియారేండ్లకు వేయించిన స్తంభశాసనమున చంపరాని జంతువుల పట్టిక యున్నది. అందలి గంగాపుపుటక మనునది గంగలోని డాల్ఫినే యని పండితులలో పలువురి అభిప్రాయము. ఆ జంతువునే భారత ప్రభుత్వము 2009లో జాతీయ జలచరముగా ప్రకటించినది.

ఇక అమరసింహుని వరుసలో నేటి శాస్త్రము ఒప్పని దొకటి గలదు. తిమింగలము చేప కాదు. దానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తు లున్నవి. గాలి పీల్చుటకు నీటిపైకి రాక తప్పదు. అది పిల్లను కని పాలిచ్చి పెంచును. డాల్ఫినును అట్టిదే.

గాలికై పైకి వచ్చు జంతువును లెక్కించుట సులభమేగదా యందురేమో. కాదు. అది పైకి తేలునది క్షణకాలము; మునిగియుండునది చిరకాలము. స్పర్మ్ తిమింగల మొక్కొక్కప్పుడు గంటకు పైగా మునిగియుండును. రాత్రివేళ చూపు ఆనదు. వానకాలమున పడవ నిలువదు. నీటి లోతున రెండువందల మీటర్లు దాటిన పిదప వెలుతురే మిక్కిలి అరుదు. కన్ను ఓడిపోయిన ఈ చోట చెవి పనికివచ్చుచున్నది.

కాలువలో ఈదులాడు పిల్లలకు ఈ సంగతి తెలియును. తల ముంచియున్నప్పుడు దూరముగా నెవడైన రెండు రాళ్లు నీటిలో తాటించిన ఆ చప్పుడు చెవి ప్రక్కనే కొట్టినట్లుండును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును; సముద్రజలములో సుమారు 1500 మీటర్లు. పైగా గొంతు లావైన మంద్రధ్వని నీటిలో వందల కిలోమీటర్లు అణగిపోక సాగును. అందుచేత వెలుతురు లేని లోకమున వసించు ఆ జీవులు శబ్దమునే ఆధారము చేసికొన్నవి. నీలి తిమింగలము చేయు ధ్వనిలో కొంత మనుష్యుని చెవికి అందనంత మంద్రము. డాల్ఫిను చేయు టిక్కుటిక్కు ధ్వనులలో కొన్ని సెకనుకు లక్ష కంపనములను మించును. అవియును మన చెవికి అందవు. గంగలోని డాల్ఫినుకు చూపు లేనట్లే. ఆ టిక్కుల ప్రతిధ్వనిని బట్టియే బురదనీటిలో చేపను పట్టుకొనును.

ఈ ధ్వనులను పట్టు యంత్రమునకు హైడ్రోఫో నని పేరు. నీటిలోని చెవి యనిన చాలును. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిరి. శబ్దమనగా ఒత్తిడియే కావున, అట్టి గుణముగల పింగాణీ బిళ్లను నీటిలో దింపినచో ప్రతి చప్పుడును విద్యుత్తుగా మారును. దానిని యంత్రము వ్రాసిపెట్టుకొనును. బ్యాటరీతో, జ్ఞాపకపు బిళ్లతో గట్టిగా మూసిన గొట్టమును సముద్రగర్భమున లంగరువేసి, నెలల తరువాత పైకి తీయుదురు. పిమ్మట ఆ ధ్వనిని పటముగా గీయుదురు: ఎడమనుండి కుడికి కాలము, క్రిందినుండి మీదికి శ్రుతి. అలవాటుపడిన కన్ను ఏ గీత ఏ జంతువుదో చెప్పగలదు. చెవికందని పాటను కంటితో చదువుట యన్నమాట!

ఈ విద్య జంతువులకొరకు పుట్టినది కాదు. జలాంతర్గాముల పొడ కనిపెట్టుటకు యుద్ధకాలములలో పెరిగినది. సముద్రములో స్వేచ్ఛగా తిరుగు తిమింగల జాతి ధ్వనిని మొదట పట్టినవారు విలియం షెవిల్, బార్బరా లారెన్సు. అది 1949లో కెనడాలోని సాగ్నే నదీముఖమున వారు వినిన బెలూగాల గొంతు. హంప్‌బ్యాక్ తిమింగలముల ధ్వనులలో పల్లవి చరణముల వంటి క్రమ మున్నదని రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో ప్రకటించిరి. పాడునవి మగవి మాత్రమే.

ఇట ఒక చిత్రము చెప్పదగి యున్నది. అణ్వస్త్ర పరీక్షలు రహస్యముగా జరుగకుండ కాపుకాయుటకై హిందూ మహాసముద్రమున డీగో గార్షియా దీవి దగ్గర నీటిచెవులు నిలిపినారు. బాంబు చప్పుడుకై ఏండ్ల తరబడి వ్రాసిపెట్టిన ఆ లెక్కలను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తిరిగి విప్పిచూచి, అంతవరకు ఎవరును ఎరుగని నీలి తిమింగలముల మంద యొకటి అందు పాడుచున్నదని 2021లో తెలిపిరి. అంతటి జంతువును కన్ను కనుగొనలేదు. పాత దస్త్రము కనుగొన్నది.

పాత దస్త్రముల విలువకు మరియొక సాక్ష్యము. 1960ల నుండి పలుచోట్ల దాచిన ధ్వనులను పోల్చిచూడగా, నీలి తిమింగలముల పాట శ్రుతి ప్రపంచమంతట ఏటేట కొంచెము కొంచెము దిగుచున్నదని 2009లో బయటపడినది. కారణముపై పండితులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు. కాని అరువదవ దశకపు వ్రాతలు లేకున్నచో ప్రశ్నయే పుట్టియుండదు.

ఇక సమీపమునకు వత్తము. శ్రీలంకలోని ట్రింకోమలీ ఉన్నది బంగాళాఖాతపు ఒడ్డుననే. బందరు తీరమును తాకు నీరే అచటను తాకును. అచ్చట 1984లో నీలి తిమింగలముల పాటను పట్టిరి. భారత తీరమున అట్టి పని దివ్యా పణిక్కర్ అను పరిశోధకురాలు లక్షద్వీపములలో చేసెను. కవరత్తి దీవి దగ్గర నీటిలో దింపిన యంత్రములు ఆ శ్రీలంక పాటనే వినిపించినవి. 30 మొదలు 100 హెర్ట్జుల నడుమ, ఒకటినుండి మూడు స్వరములు. ఏప్రిల్, మే నెలలలో హెచ్చు. ఈ ఫలితములు 2021లో వెలువడినవి. ఏ మాసమున ఏ జీవి ఆ నీటనున్నదో చెప్పగల వ్రాత అట్లు చేతికి వచ్చినది. ఒడిశాలోని చిలుకలోను, ఇర్రావడ్డీ డాల్ఫినుల గణనలో పడవలపై నుండి చూచుటతో పాటు హైడ్రోఫోనును గూడ వాడినారు.

కృష్ణా తీరపు మాట యేమి? సముద్రము నిశ్శబ్దమని అనుకొనువారు పొరబడుదురు. వెచ్చని లోతులేని సముద్రములలో ఒక జాతి రొయ్య తన పెద్ద కొండిని టప్పున మూయును. వేలకొలది రొయ్యలు ఒక్కమారు మూసినప్పుడు యంత్రములో వినబడునది కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడే. రొయ్యల చెరువుల సీమవారికి ఈ బంధువు కొత్తగాని, కులము పాతదే. దానికి తోడు వానచప్పుడు, కెరటపు చప్పుడు, మరపడవల చప్పుడు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ఇట్టి సహజధ్వనులను కొలుచు యంత్రములను తీరసముద్రములలో నిలిపియున్నారు.

మనుష్యుడు చేర్చిన ధ్వనులు వేరు. కృష్ణా గోదావరి సాగరగర్భమున 2002లో పెద్ద గ్యాసు నిక్షేపము కనబడినది. 2009 ఏప్రిల్ నుండి గ్యాసు తీయుట మొదలైనది. ఇట్టి నిక్షేపములను వెదకు ఓడలు పది పదిహేను సెకనులకొక మారు గాలితుపాకులను నీటిలో పేల్చి, అడుగునుండి వచ్చు ప్రతిధ్వనిని చదువును. డాల్ఫిను చేయు పనియే, గొంతు మాత్రము పిడుగుది. బందరు ఓడరేవు పనులు 2023 మే నెలలో ఆరంభమైనవి. రేవు వలదని కృష్ణా జిల్లాలో ఎవ్వరును అనరు; తరములుగా కోరుకొన్న రేవది. కాని ఓడలు హెచ్చిన పిదప సముద్రములో చప్పుడు పెరిగినదా, జంతువులు తొలగిపోయినవా యని ఎవరైన అడిగినచో, ముందటి స్థితిని చూపు కాగితము కావలెను. పూర్వము కరణములు అడంగలు వ్రాయునప్పుడు పంట పోయిన పిదప వచ్చి వ్రాసిన లెక్క తగవులో నిలువదనుట పెద్దలెరిగినదే. ఏ గట్టు ఎచట నున్నదో గట్టు చెరుగకముందే వ్రాయవలెను. ఇదియు నట్టిదే.

బెస్తవారికిని ఇందు పని యున్నది. వలలలో పడి చచ్చు తిమింగలములు, డాల్ఫినులు తగ్గింపబడని దేశములనుండి సముద్రపు చేపను కొనరాదని అమెరికా ప్రభుత్వము 2016లో ఒక నియమము చేసినది. చెరువు రొయ్యకు ఈ బెడద లేదు. కడలిలో వలవేయువానికి కలదు. తీరమున ఆ జీవులెన్ని యున్నవో, ఎప్పుడున్నవో చూపలేని దేశమునకు వాదించుట కష్టము. 1972 నాటి వన్యప్రాణి చట్టమును వీనికి అత్యున్నత రక్షణ నిచ్చుచున్నది.

ఐతే నీటిచెవిపై పూర్తి భారము వేయరాదు. పాడని జంతువు ఆ లెక్కకు రాదు. మగవి మాత్రమే పాడుచోట ఆడవియు పిల్లలును ఎన్నియో తెలియదు. ఒక్కటే నూరుమార్లు పలికినదా, నూరు ఒక్కొక్కమారు పలికినవా యనునది తరచు తేలదు. గొంతుల జాబితా వేరు, తలల జాబితా వేరు. అందుకే చూచినవారి సాక్ష్యమును దానికి జతపరచవలెను.

ఆ సాక్ష్యము గిలకలదిండిలోను, నాగాయలంకలోను, హంసలదీవి ప్రాంతమునను దొరకును. ఏ కార్తెలో డాల్ఫినులు పడవవెంట వచ్చునో, ఎంత లోతున కనబడునో చెప్పగల పెద్దలు రేవురేవునను గలరు. వారి మాట ఒక చిట్టాలో ఎక్కుటకు ఓడ గాని స్ఫటికము గాని అక్కరలేదు. రేవునకొక నోటుపుస్తకము, తేదీ, పడవ పోయిన దిక్కు, చూచిన జంతువు, ఎన్ని యనునది, చూచినవాని సంతకమో వేలిముద్రయో. సముద్రములో యంత్రము దిగిన నాడు దాని తేదీల ప్రక్కన ఈ తేదీలను పెట్టి చూడవచ్చును.