శిబిరం ముగిసిన మర్నాడు



1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, పన్నెండేళ్లు కూడా నిండని ఓ అమ్మాయి పట్టుబట్టింది. ఊళ్లోని దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలి. అందరితో కలిసి బహిరంగ సభకు రాలేరు కాబట్టి ఆయన్నే వాళ్ల దగ్గరకు తీసుకురావాలి. నిర్వాహకులు రూ. 5,000 విరాళం తెస్తే చూద్దామన్నారు. ఆమె ఆ స్త్రీల దగ్గరకే వెళ్లి అడిగింది. డబ్బు పోగైంది, గాంధీజీ వచ్చారు. ఆ అమ్మాయి పేరు దుర్గాబాయి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిందీ ఆమే. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే లోపలికి పంపింది.

ఈ రెండు సంఘటనల్నీ ఆమె ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటారు. కాస్త ఆగి చూస్తే వాటిలో ధైర్యంతోపాటు పని తెలిసిన తీరు కనిపిస్తుంది. ఎవరికి ఏం కావాలో వెళ్లి కనుక్కోవడం, నిధి సేకరించి అప్పజెప్పడం, ఒప్పుకున్న బాధ్యత విషయంలో పెద్దా చిన్నా చూడకపోవడం. ఇవి పుట్టుకతో వచ్చేవి కావు, చేస్తూ నేర్చుకునేవి. దుర్గాబాయి లా పట్టా పుచ్చుకున్నది 1942లో. అప్పటికే ఆమె కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు, జైలుకు వెళ్లొచ్చారు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఆ తరంలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. పాతూరి నాగభూషణం ముప్పై ఏళ్లు రాకముందే, 1935లో, కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య బోటులో గ్రంథాలయం నడిపారు. గ్రంథాలయం దాకా రాలేని పల్లెలకు పుస్తకాన్నే పంపారు. ఊరి అవసరమేమిటో, ఊళ్లో ఉన్న దారేమిటో తెలిసినవాడికి తట్టే ఆలోచన అది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ నేర్పును కళాశాలల్లోకి తేవాలన్న ఉద్దేశంతో 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం, అందరి నోటా ఎన్‌ఎస్‌ఎస్, మొదలైంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమది. 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. ఈ సభలో ఉన్నవాళ్లలో ఎందరో ఆ శిబిరాలకు వెళ్లినవాళ్లే. మొక్కలు నాటారు, రోడ్లు ఊడ్చారు, ర్యాలీలు తీశారు. ఆ పనులకు విలువ ఉంది. కానీ శిబిరం ముగిసిన మర్నాడు ఆ మొక్కకు నీళ్లు పోసేది ఎవరన్న ప్రశ్నకు చాలా ఊళ్లలో జవాబు లేదు. నాయకత్వం పరీక్షకు నిలిచేది సరిగ్గా అక్కడే.

ఆ పరీక్షకు నిలిచిన యువత తెలుగు నేల మీదే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పథకానికి మూలమైన చట్టంలోని 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని కాగితం మీద వదిలేయలేదు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలను ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, సామాజిక తనిఖీకి పంపింది.

వాళ్ల పని తీరు దగ్గరగా చూడదగ్గది. ముందు మండల కార్యాలయం నుంచి మస్టర్లు, చెల్లింపుల రికార్డులు, కొలతల పుస్తకాలు తీసుకునేవారు. ఎవరి పేరున ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది పట్టిక వేసుకునేవారు. తర్వాత ఇంటింటికీ తిరిగేవారు. అరుగు మీద కూర్చుని జాబ్ కార్డు, పాసు పుస్తకం అడిగి చూసేవారు. మస్టరులో ఆరు రోజులని ఉండి, ఆ ఇంటి అవ్వ నాలుగు రోజులే పోయానంటే, ఆ మాటను ఆమె చెప్పినట్టే రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోవాలి. చనిపోయినవారి పేర, వలస పోయినవారి పేర కూలి పడిన సందర్భాలు ఇలాగే బయటికొచ్చాయి. టేపు పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లి తవ్విన గుంతల పొడవూ వెడల్పూ లోతూ కొలిచి పుస్తకంలోని అంకెతో సరిచూసేవారు. చివరికి గ్రామసభలో, ఆపైన మండల ప్రజావేదికలో, అధికారులూ కూలీలూ ఎదురెదురుగా ఉండగా తేలినదంతా చదివేవారు.

చాలామందికి జనం ముందు మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. గొంతు వణికినా చేతిలో కాగితం ఉంది, కాగితం వెనుక కూలీల సాక్ష్యం ఉంది. వినడం, రాయడం, లెక్క కట్టడం, నిలబడి చెప్పడం, బెదిరింపులకు లొంగకపోవడం ఒకే పనిలో నేర్చుకున్నారు. వ్యక్తిత్వ వికాస తరగతులు విడివిడిగా నేర్పాలని చూసేవి ఇవే. ప్రతి రాష్ట్రంలోనూ స్వతంత్ర సామాజిక తనిఖీ విభాగం ఉండాలని 2011లో కేంద్రం నిబంధనలు తెచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ అనుభవమే వాటికి ఆధారమైంది.

ఇక్కడా ఒక నిజం ఒప్పుకోవాలి. తనిఖీలో తేలిన దుర్వినియోగంతో పోలిస్తే తిరిగి రాబట్టిన సొమ్ము కొద్ది భాగమే. బృందం వెళ్లిపోయాక వసూలు ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు ఊళ్లో లేకపోవడం దానికొక కారణం. బయటినుంచి వచ్చినవాళ్లు తప్పు చూపగలరు. దాన్ని సరిదిద్దేదాకా వెంటపడాల్సింది ఊరివాళ్లే.

ఈ రోజు పట్టా తీసుకుంటున్నవారికి అలా వెంటపడే హక్కులన్నీ చేతిలోనే ఉన్నాయి. 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు. 21 నిండితే సర్పంచిగా పోటీ చేయవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు రావాలి. తెలుగు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము కూడా లేదు. ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో వచ్చినా ఊరి మీద ఈ పట్టింపు వదులుకోనక్కర్లేదు. నగరంలో ఉండేవారికి వార్డు ఉంది, అక్కడా అడగాల్సిన లెక్కలున్నాయి.

అందుకే పట్టభద్రులకు ఒక్క విన్నపం. వచ్చే అక్టోబరు 2న గ్రామసభ జరిగితే సెలవు దినమని ఇంట్లో ఉండకుండా వెళ్లండి. కిందటి సభ తీర్మానాల పుస్తకం అడిగి చదవండి. బడి మరుగుదొడ్డో, తాగునీటి పైపో, అంగన్‌వాడీ పైకప్పో, ఒక్క పని ఎంచుకోండి. దానికి ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో అందరి ముందూ అడగండి. వెళ్లేటప్పుడు ఊళ్లో ఇంటరు చదివే ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.