పరీక్ష తేదీ, సంసిద్ధత: వైద్య పట్టభద్రుల స్నాతకోత్సవ ప్రసంగం

ఈ సభలో ఎంబీబీఎస్‌ పట్టా స్వీకరిస్తున్న వారిలో అత్యధికులు ఈ నేల మీదే వైద్యం చేస్తారు, పై చదువుకు నీట్‌ పీజీ రాస్తారు. కొందరు మాత్రం అమెరికాలో రెసిడెన్సీని, అంటే ఆసుపత్రిలో జీతం పొందుతూ అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మూడు నుంచి ఏడేళ్ల పాటు సాగే స్పెషాలిటీ శిక్షణను, లక్ష్యంగా పెట్టుకుంటారు. ఆ కొందరికి పరీక్ష ఎలా రాయాలో చెప్పే పుస్తకాలకు, కోచింగులకు కొదవ లేదు గాని, ఎప్పుడు రాయాలన్న ప్రశ్నకు చాలామంది సీనియర్ల నోటి మాట మీదే ఆధారపడుతున్నారు. ఒక సంవత్సరం జీవితాన్ని నిలబెట్టగల లేదా పోగొట్టగల ప్రశ్న అది కనుక, ఈ ప్రసంగం దానికే పరిమితం.

గడువు అనేది అభ్యర్థిని ఇబ్బంది పెట్టడానికే పుట్టిందన్న అభిప్రాయం విద్యార్థుల్లో బలంగా ఉన్నా, అమెరికా వైద్యశిక్షణ చరిత్ర అందుకు విరుద్ధమైన సాక్ష్యం చెబుతుంది. 1940ల నాటికి అక్కడి ఆసుపత్రులు మంచి విద్యార్థుల కోసం ఒకదానితో ఒకటి పోటీపడి, శిక్షణ మొదలు కావడానికి దాదాపు రెండేళ్ల ముందే వారితో ఒప్పందాలు చేసుకునే స్థితి వచ్చింది. ఇంకా రోగిని సరిగా చూడని విద్యార్థి ఏ విభాగంలో స్థిరపడాలో తేల్చుకోవలసి వచ్చేది, అతడు ఎలాంటి వైద్యుడవుతాడో తెలియకుండానే ఆసుపత్రి అతణ్ని ఎంచుకోవలసి వచ్చేది. 1945లో వైద్య కళాశాలలు నిర్ణీత తేదీకి ముందు విద్యార్థుల వివరాలు బయటపెట్టరాదని కట్టడి చేసుకున్నా, తొందర తగ్గలేదు, రూపు మార్చుకుంది: అవకాశం ఇచ్చిన ఆసుపత్రి జవాబుకు ఇచ్చే వ్యవధి పది రోజుల నుంచి ఏటేటా కుదించుకుపోయి, 1949 నాటికి పన్నెండు గంటలు కూడా ఎక్కువేనన్న వాదన దాకా వెళ్లింది. ఈ అరాచకానికి విరుగుడుగా 1952లో అమల్లోకి వచ్చినదే మ్యాచ్‌, అంటే అభ్యర్థులు తమకు నచ్చిన ఆసుపత్రులను, ఆసుపత్రులు తమకు నచ్చిన అభ్యర్థులను వరుస క్రమంలో రాసి ఇస్తే, ఆ రెండు జాబితాలను ఒకే రోజున జతపరిచే విధానం. దాని వెనుక ఉన్న గణితాన్ని 1962లో డేవిడ్‌ గేల్‌, లాయిడ్‌ షాప్లీ వివరించగా, 1990ల చివర ఆల్విన్‌ రాత్‌ దాన్ని అభ్యర్థుల పక్షాన మొగ్గేలా తిరిగి రూపొందించారు. షాప్లీ, రాత్‌లకు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్‌ పురస్కారం దక్కింది. ఈ ఏర్పాటులో జాబితాను ముందుగా సమర్పించినవారికి ఏ లాభమూ లేదు, చివరి రోజున సమర్పించినవారికి ఏ నష్టమూ లేదు. తొందర పనికిరాని ఆ ఘట్టంలో ఆందోళనపడి, తొందర నిజంగా అవసరమైన దరఖాస్తు ఘట్టంలో తాత్సారం చేయడం విదేశీ పట్టభద్రుల్లో తరచుగా కనిపించే పొరపాటు.

దరఖాస్తుకు ముందు దాటవలసిన పరీక్షల పేరు యూఎస్‌ఎంఎల్‌ఈ, అంటే అమెరికాలో వైద్యం చేయడానికి కావలసిన లైసెన్సు పరీక్ష. ఇందులో స్టెప్‌ 1 అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ వంటి మూలశాస్త్రాలను, స్టెప్‌ 2 సీకే రోగి దగ్గర ఆ జ్ఞానాన్ని వాడే నేర్పును పరీక్షిస్తాయి; స్టెప్‌ 3 సాధారణంగా రెసిడెన్సీలో చేరాక రాసేది. రోగి పాత్రధారులతో జరిగే స్టెప్‌ 2 సీఎస్‌ను 2021లో రద్దు చేయడంతో, విదేశాల్లో చదివినవారి ఆంగ్ల సంభాషణా సామర్థ్యాన్ని ఓఈటీ అనే వైద్యరంగ భాషా పరీక్ష ద్వారా తేలుస్తున్నారు. ఇవి పూర్తిచేసి, పట్టా నిజమైనదేనని రుజువైనవారికి ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది, అది చేతిలో లేనిదే ఏ విదేశీ పట్టభద్రుడూ రెసిడెన్సీలో అడుగుపెట్టలేడు.

2022 జనవరి 26 నుంచి స్టెప్‌ 1లో అంకెలతో కూడిన స్కోరు పోయి, ఉత్తీర్ణత లేదా అనుత్తీర్ణత మాత్రమే మిగిలింది. దరఖాస్తుల గుట్టను జల్లెడపట్టే ప్రోగ్రామ్‌ డైరెక్టర్లకు, అంటే శిక్షణ విభాగాల అధిపతులకు, పోల్చి చూడడానికి దొరికే ప్రధానమైన అంకె ఇప్పుడు స్టెప్‌ 2 సీకే స్కోరే అయింది. దరఖాస్తులు ఈరాస్‌ అనే ఉమ్మడి వేదిక ద్వారా వెళతాయి. అభ్యర్థులు వాటిని సెప్టెంబరు మొదట్లో సమర్పించడం ప్రారంభించినా, ఆసుపత్రులు వాటిని తెరిచి చూసేది ఆ నెల చివరి వారంలో ఒక నిర్ణీత దినాన. 2024లో అది సెప్టెంబరు 25, 2025లో సెప్టెంబరు 24. ఆ దినం ఉదయానికి స్కోరు లేని దరఖాస్తు చెల్లదని నియమమేమీ లేదు, కాని ఇంటర్వ్యూ పిలుపులు అప్పటి నుంచే మొదలవుతాయి కనుక, స్కోరు నవంబరులో చేరిన అభ్యర్థిని తిరిగి తెరిచి చూసే ఓపిక చాలా విభాగాలకు ఉండదు.

కనుక లెక్క వెనుక నుంచి ముందుకు సాగాలి. పరీక్ష ఫలితం మామూలుగా నాలుగు వారాల లోపు వస్తుంది, బుధవారాల్లో వెలువడుతుంది. అయినా ఎనిమిది వారాల దాకా ఆలస్యం కావచ్చునని నిర్వాహకులే ముందుగా హెచ్చరిస్తారు, ముఖ్యంగా ఏటా ప్రశ్నల నిధిని మార్చే నెలల్లో ఫలితాలు నిలిచిపోవడం పరిపాటి. సెప్టెంబరు చివరి వారం నుంచి ఎనిమిది వారాలు వెనక్కి వెళితే జూలై చివర తేలుతుంది, ఒంట్లో బాగులేకనో, మరో కారణం వల్లనో వాయిదా పడితే సర్దుకోవడానికి కొంత వెసులుబాటు ఉంచితే జూన్‌లోకి వస్తుంది. స్టెప్‌ 1ను దానికి కనీసం ఆరేడు నెలల ముందు ముగించనివారికి ఆ జూన్‌ అందదు. పరీక్షకు రిజిస్టరు చేసుకునేటప్పుడు ఎంచుకునే మూడు నెలల అర్హతా వ్యవధిని ఒకసారి మాత్రమే, రుసుము కట్టి, పొడిగించుకోవచ్చు. ఒక్కో పరీక్షకు పెద్ద మొత్తంలో రుసుము చెల్లించే మధ్యతరగతి కుటుంబానికి ఈ చిన్న నిబంధన పెద్ద విషయం.

ఇంతవరకు చెప్పినది తేదీల సంగతి. తేదీని మించిన సంగతి మరొకటి ఉంది. నీట్‌ పీజీలో ర్యాంకు నచ్చకపోతే మరుసటి ఏడు మళ్లీ రాసుకోవచ్చు, పాత ర్యాంకు ఎవరికీ గుర్తుండదు. స్టెప్‌ 2 సీకేలో అలా కుదరదు: ఒకసారి ఉత్తీర్ణులైనవారు స్కోరు పెంచుకోవడానికి తిరిగి రాయడానికి వీల్లేదు. 2025 జూలై 1 నుంచి ఉత్తీర్ణతకు కనీస స్కోరు 218. ఏ 220తోనో గట్టెక్కిన అభ్యర్థి ఆ అంకెను ఎప్పటికీ మోయవలసిందే. తప్పినవారు మళ్లీ రాయవచ్చు, మొత్తం నాలుగు ప్రయత్నాల వరకు అవకాశం ఉంది, కాని తప్పిన సంగతి ట్రాన్‌స్క్రిప్టు మీద ఉండిపోతుంది, ప్రతి ప్రోగ్రామ్‌ డైరెక్టరు దాన్ని చదువుతాడు. సెప్టెంబరును అందుకోవాలన్న ఆత్రంలో మాదిరి పరీక్షల్లో తక్కువ స్కోరు వస్తున్నా జూలైలో కూర్చోవడం ఈ కారణం చేత ధైర్యం అనిపించుకోదు. ఒక సంవత్సరం ఆగడానికీ ఖరీదు ఉంది, ఎందుకంటే చాలా విభాగాలు పట్టా పొంది కొన్నేళ్లు దాటినవారిని పక్కన పెడతాయి. అయినా ఆ ఖరీదు పరిమితమైనది, పైగా ఆ ఏడాదిని వైద్యవృత్తిలో గడిపినవారు ఇంటర్వ్యూలో దానికి లెక్క చెప్పగలరు. తక్కువ స్కోరుకు అటువంటి సమాధానం లేదు. 2024, 2025 మ్యాచ్‌లలో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో వందకు సుమారు 58 మందికే మొదటి సంవత్సరం స్థానాలు దొరికాయన్న వాస్తవాన్ని ఈ నిర్ణయానికి ముందు ఎదుట పెట్టుకోవాలి.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతోంది. నీట్‌ పీజీ 2024లో ఆగస్టు 11న, 2025లో ఆగస్టు 3న జరిగింది, అంటే స్టెప్‌ 2 సీకేకు అనువైన వారాలూ నీట్‌ పీజీకి చివరి వారాలూ ఒకటే అవుతున్నాయి. ఒకటి మూడున్నర గంటల్లో రెండు వందల ప్రశ్నలకు చకచకా జవాబులు గుర్తించవలసిన పరీక్ష, మరొకటి తొమ్మిది గంటల పాటు దీర్ఘమైన రోగి వృత్తాంతాలు చదివి నిర్ణయాలు తీసుకోవలసిన పరీక్ష. రెండింటికీ పాఠ్యాంశం చాలావరకు ఉమ్మడిదే గాని సాధన వేరు. ఎటైనా మంచిదేనని రెండు పడవల మీద కాళ్లు పెట్టినవారు రెండూ జారవిడుచుకునే ప్రమాదం ఉంది. ఇంట్లోవారి తృప్తి కోసం నీట్‌ ఫారం నింపడం తప్పు కాదు, కాని ఆ ఏడాది ప్రధాన పరీక్ష ఏదో జనవరి నాటికే తేల్చుకుని ఇంట్లో చెప్పగలగాలి.

హౌస్‌సర్జన్‌ సంవత్సరం గురించి ఒక మాట నిష్కర్షగా చెప్పక తప్పదు. ఆ పన్నెండు నెలలను పరీక్షకు చదువుకునే సెలవుగా భావించి, వార్డు డ్యూటీని తోటివారికి అప్పగించి, హాజరు పట్టీలో మాత్రం సంతకం చేసే అలవాటు కొన్నిచోట్ల పాతుకుపోయింది. రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి వచ్చిన పురుగుమందు కేసులో కనుపాప ఎంత ముడుచుకుపోయిందో, అట్రోపిన్‌ ఎన్నిసార్లు ఇస్తే ఊపిరితిత్తుల్లో గురక తగ్గిందో దగ్గరుండి చూసిన హౌస్‌సర్జన్‌కు ఆ ప్రశ్న ఏ పరీక్షలో వచ్చినా పుస్తకం అక్కరలేదు. అంతకంటే ముఖ్యం, ఆ రాత్రి ఆ రైతుకు ఒక వైద్యుడు కావాలి. స్టెప్‌ 1ను మూడో ఏడాదికీ ఫైనలియర్‌కూ మధ్య ముగించినవారికి ఈ సంకటం రాదు. రానివ్వని ప్రణాళికే మంచి ప్రణాళిక.

పరీక్ష తేదీలన్నీ సరిగా కుదిరినా కాగితాల వద్ద బోల్తాపడేవారున్నారు. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరిస్తుంది, ఎంబీబీఎస్‌ పట్టాలో మళ్లీ పొడి అక్షరంగా మారుతుంది. పరీక్షా కేంద్రంలో అనుమతి పత్రం మీది పేరు పాస్‌పోర్టుతో సరిపోలకపోతే లోపలికి రానివ్వరు; పట్టా మీది పేరు ఈసీఎఫ్‌ఎంజీ రికార్డుతో కలవకపోతే ధ్రువీకరణ ఆగుతుంది. దీన్ని సరిదిద్దుకోవడానికి తగిన కాలం స్టెప్‌ 1కు రిజిస్టరు చేసుకోవడానికి ముందే తప్ప, ఆగస్టు నెల కాదు.

ఈ రోజు చేతికి అందుతున్న పట్టాకు కూడా రెసిడెన్సీ క్యాలెండరులో చోటుంది. మ్యాచ్‌లో నిలవాలంటే మార్చి మొదట్లో, కొన్నేళ్లు ఫిబ్రవరి చివర, వచ్చే జాబితా గడువుకు ఈసీఎఫ్‌ఎంజీ కోరే పరీక్షలు ఉత్తీర్ణమై ఉండాలి. జూలై 1న శిక్షణలో చేరడానికి మాత్రం తుది పట్టాను ఆ సంస్థ విశ్వవిద్యాలయం నుంచే నేరుగా ధ్రువీకరించుకుని ఉండాలి, ప్రొవిజనల్‌ సర్టిఫికెట్‌ దానికి బదులు కాదు. మార్చి మూడో శుక్రవారం మ్యాచ్‌ దినాన ఆనందించిన కుటుంబం, పట్టా ధ్రువీకరణ రాలేదని మే నెలంతా విశ్వవిద్యాలయ కార్యాలయం మెట్లెక్కి దిగడం న్యాయం కాదు. విజయవాడలోని ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయం గాని, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం గాని, దేశంలోని మరే వైద్య విశ్వవిద్యాలయం గాని, కోర్సు ముగిసిన నెలల్లోనే తుది పట్టా సిద్ధం చేసి, విదేశీ ధ్రువీకరణ అభ్యర్థనలకు నిర్ణీత దినాల్లో జవాబు పంపే బాధ్యతను ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించాలని ఈ వేదిక నుంచి విజ్ఞప్తి. పట్టభద్రులు తమ వంతుగా పట్టా మీది పేరును ఈ సాయంత్రమే పాస్‌పోర్టుతో సరిచూసుకుని, తప్పుంటే రేపే దరఖాస్తు పెట్టుకోవాలి.