రసీదు అడుగుట నేర్పుదము
(పంచాయతీ సభ్యుల సమావేశమందలి ప్రసంగపాఠము)



పూర్వము వికారాబాదు, తాండూరు ప్రాంతములు రంగారెడ్డి జిల్లాలో నుండెడివి. జిల్లా కార్యాలయమున పనిపడినచో మనవారు హైదరాబాదు నగరమునకు పోవలసి వచ్చెడిది. 2011 నవంబరులో మీసేవ ప్రారంభమైనది. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా ఏర్పడినది. ఇట్లు కార్యాలయము దగ్గరైనది. కాని పేదవాని పని సులభమైనదా?

తాండూరు నాపరాతి గనులలో పనిచేయు కూలివానిని తలచుకొనుడు. కుమారుని ఉపకారవేతనమునకు కుల, ఆదాయ ధ్రువపత్రములు కావలెను. ఏయే కాగితములు తీసికొని పోవలెనో అతనికి ఎవ్వరును చెప్పలేదు. ఒకటి మరచినచో మరల తిరుగవలెను. తిరిగినప్పుడెల్ల ఒకనాటి కూలి పోవును. విసిగి దళారిని ఆశ్రయించి, వాడడిగినంత ఇచ్చును. ఆ సొమ్ము ప్రభుత్వమునకు చేరదు. అది తెలియకపోవుటకు పేదవాడు చెల్లించు పన్ను.

ఈ పన్నును మాన్పుట మీ చేతిలో నున్నది. అందులకు మేము మూడు పనులు సూచించుచున్నాము.

మొదటిది: ఏ పత్రమునకు ఏ కాగితములు కావలెనో మీసేవ కేంద్రమున తెలిసికొని, పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. చదువురానివారికై గ్రామసభలో చదివి వినిపింపుడు.

రెండవది: దరఖాస్తు చేసినప్పుడు రసీదు తప్పక అడుగుమని చెప్పుడు. అందు దరఖాస్తు సంఖ్య, చెల్లించిన రుసుము ఉండును. ఆ సంఖ్యతో పని ఎంతవరకు వచ్చినదో ఇంటర్నెట్టులో చూచుకొనవచ్చును. కొన్ని పత్రములు అప్పటికప్పుడే లభించును. కొన్నిటికి విచారణ జరుగవలెను గనుక గడువు కలదు. ఈ భేదము తెలిసినచో వృథాగా తిరుగనక్కరలేదు.

మూడవది: ఆధారుకు తమ ఫోను నంబరునే జతచేయించుకొనుమని చెప్పుడు. ఆ ఫోనుకు వచ్చు ఓటీపీ యను రహస్యసంఖ్యను అపరిచితులకు తెలుపరాదు. సొంత ఫోను లేని వృద్ధులకు, స్త్రీలకు మీరే దగ్గరుండి సాయపడవలెను.

1959 అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరునందు నెహ్రూగారు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. గ్రామమునకు అధికారము చేరవలెనన్నది నాటి ఆశయము. తన హక్కేదో తెలియనివానికి ఆ అధికారము చేరినట్లు కాదు.

వచ్చు గ్రామసభ నాటికి మీ వార్డులో దళారికి సొమ్మిచ్చిన కుటుంబములెన్నియో విచారింపుడు. ఆ సంఖ్య తగ్గుటయే మీ సేవకు కొలత.