మెరిట్ జీతం సరే, ఆ మెరిట్‌ను కొలిచే కొలత ఎవరిది?



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం టీచర్ల జీతాలు. "సర్కారు సార్లకు అంతంత జీతాలు ఎందుకు, పిల్లగాండ్లకు రెండు లైన్లు చదవడం రావట్లేదు, పని చేసినోళ్లకే పైసలు ఇయ్యాలె" అనే మాట మీరు బస్సులో విని ఉంటారు, సంతలో విని ఉంటారు. టీవీ చర్చల్లో ఇదే మాటను ఇంకొంచెం నీటుగా "మెరిట్ ఆధారిత జీతం" అంటారు. మన గూడేల్లో అమ్మానాన్నలు కూడా ఈ మాట అంటున్నారు. వాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను. వానాకాలం వాగు వచ్చిందంటే పంతులు రాడు, వాగు దిగినా రాడు, అలాంటి బడి చూసినోళ్లకు కోపం రాకుండా ఎట్లుంటది? కానీ కోపంతో ఒక డిమాండ్ పెట్టే ముందు, అది చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో మనం చూసుకోవాలి.

ముందుగా ఒక ప్రశ్న. "టీచర్ జీతం" అంటున్నామే, ఏ టీచర్‌ది?

మన ఏజెన్సీ బడుల్లో టీచర్ అనే మనిషి ఒక్క రకం కాదు. డీఎస్సీ రాసి వచ్చిన రెగ్యులర్ టీచర్ ఉన్నాడు. తెలంగాణలో 2020 పీఆర్సీ ప్రకారం ఎస్జీటీ మూల వేతనమే 31,040 రూపాయలతో మొదలవుతుంది, డీఏ, హెచ్ఆర్ఏ దాని మీద. ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీ ఉన్నారు, ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు మనిషి. విద్యా వాలంటీర్లు ఉండేవాళ్లు, నెలకు 12,000 గౌరవ వేతనం. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ పిలవలేదు, వేల మంది ఇంటికి పోయారు.

ఇప్పుడు చెప్పండి. అదే తరగతి, అదే పుస్తకం, అదే నల్లబల్ల. ఒకరికి ముప్పై వేల మూల వేతనం, ఒకరికి పన్నెండు వేలు. ఈ తేడా మెరిట్‌ను బట్టి వచ్చిందా? కాదు. ఉద్యోగానికి తగిలించిన పేరును బట్టి వచ్చింది. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో మాకు లెక్కలు చెప్పింది ఒక సీఆర్టీ మేడం. రాత్రి స్టడీ అవర్‌లో కూర్చునేది ఆమే, జ్వరం వస్తే పీహెచ్‌సీకి తీసుకుపోయేది ఆమే. పక్క గదిలో అదే క్లాసుకు చెప్పే రెగ్యులర్ సార్ జీతంలో ఆమెకు సగం కూడా వచ్చేది కాదు, వచ్చేది కూడా మూడు నాలుగు నెలలకు ఒకసారి. ఆమెకు మెరిట్ లేదని చెప్పే ధైర్యం మా బ్యాచ్‌లో ఒక్కరికీ లేదు.

కోర్టులు ఏమన్నాయో కూడా చూడండి. 2016 అక్టోబర్ 26న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం సూత్రం వర్తిస్తుందని చెప్పింది. మనమంతా సంతోషించాం. కానీ 2019 మే 10న బీహార్ నియోజిత్ టీచర్ల కేసులో అదే సుప్రీంకోర్టు, రెగ్యులర్ టీచర్లతో సమాన జీతం వాళ్లకు రాదని తేల్చింది. అంటే ఈ సమస్య ఒక్క తీర్పుతో తీరదు. ప్రభుత్వం మీద ఒత్తిడి పెట్టి సాధించుకోవాల్సిందే.

ఇక మెరిట్ జీతం సంగతి. ఇది పనిచేస్తుందా? దేశంలో ఈ ప్రశ్న మీద జరిగిన పెద్ద ప్రయోగం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. ఐదు జిల్లాలు, 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. కొన్ని బడుల్లో టీచర్లకు బోనస్ పెట్టారు. పిల్లల మార్కులు సగటున 5 శాతం దాటి పెరిగితే, ఆ పైన ప్రతి ఒక్క శాతానికి 500 రూపాయలు. సగటున చూస్తే అది ఏడాది జీతంలో 3 శాతం దగ్గర మాత్రమే. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లల కంటే ముందున్నారు. బోనస్ పెట్టని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు.

కాబట్టి "మెరిట్ జీతం అంతా మోసం" అని నేను అనను. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుందాం. కానీ ఆ ప్రయోగంలో మనం పట్టుకోవాల్సిన విషయాలు మూడు ఉన్నాయి. టీవీలో వీటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఒకటి, వాళ్లు ఏ బడిలో ఎక్కువ మార్కులు వచ్చాయి అని చూడలేదు. పిల్లవాడు ఎక్కడ మొదలయ్యాడు, ఎక్కడికి చేరాడు అని చూశారు. ఈ తేడా మనకు ప్రాణం లాంటిది. మండల కేంద్రంలో ట్యూషన్‌కు పోయే పిల్లవాడికి 80 మార్కులు, ఇంట్లో మొదటిసారి పలక పట్టిన పిల్లకు 40 మార్కులు వస్తే, గొప్ప టీచర్ ఎవరు? మార్కుల లిస్టు చూస్తే మొదటి సారు. ఆ పిల్ల సున్నా నుంచి వచ్చిందని తెలిస్తే రెండో సారు. మార్కుల లిస్టు మీద జీతం పెడితే మొట్టమొదట శిక్ష పడేది మన గూడెంలో పనిచేసే టీచర్‌కే. అప్పుడు ఇక్కడికి ఎవరు వస్తారు?

రెండు, బోనస్ పెట్టినా టీచర్ల హాజరు పెరగలేదు. బడికి వచ్చినోళ్లు ఎక్కువ కష్టపడ్డారు, అదనపు క్లాసులు తీసుకున్నారు, హోంవర్క్ ఎక్కువ ఇచ్చారు. రానివాళ్లు రానేలేదు. మన ఏజెన్సీలో మొదటి రోగమే గైర్హాజరు. మరి ఆ మందు ఈ రోగానికి సరిపోతుందా?

మూడు, అదే ప్రయోగంలో ఇంకో భాగం ఉంది. కొన్ని బడులకు అదనంగా కాంట్రాక్టు టీచర్లను ఇచ్చారు. రెగ్యులర్ టీచర్ జీతంలో దాదాపు ఐదో వంతు తీసుకునే ఆ మనుషులు రెగ్యులర్ వాళ్ల కంటే తక్కువ సెలవులు పెట్టారు, ఆ బడుల పిల్లలు కూడా బాగా నేర్చుకున్నారు. దీన్ని పట్టుకుని "చూశారా, తక్కువ జీతానికే పని అవుతోంది" అనేవాళ్లు ఉన్నారు. నేను దాన్ని తిరగేసి అడుగుతున్నా. పని చూసే జీతం ఇస్తామన్నారు కదా, మరి పని చేసి చూపించిన మనిషికి ఐదో వంతు ఎందుకు? మెరిట్ అని మాట్లాడేవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి కాదా?

ఇప్పుడు మన అసలు గాయం దగ్గరికి వద్దాం. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ఏరియాలోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. ఎందుకు తెచ్చారు? మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీ బడులకు సరిగ్గా రావట్లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం నిలిచాయి. వంద శాతం రిజర్వేషన్ ఇస్తే మెరిట్‌కు చోటే లేకుండా పోతుందన్నది ఆ తీర్పులోని వాదనల్లో ఒకటి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం తిరిగి అడగాల్సింది ఇదే. మెరిట్ అంటే ఏంది? ఒకటో తరగతిలో కూర్చున్న కోయ పిల్లకు "నీళ్లు కావాలి" అని తెలుగులో అడగడం రాదు. ఆ పిల్ల మాట అర్థం చేసుకుని, కోయలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకొచ్చే టీచర్‌కు ఉన్నది మెరిట్ కాదా? ఏ డీఎస్సీ పేపర్లో దానికి మార్కులున్నాయి? 1943లోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకు టీచర్ శిక్షణ పెట్టించి, గోండిలో వాచకాలు చేయించాడు. 2003-04 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. విద్యా హక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటోంది. అంటే మన భాష తెలిసిన టీచర్ కావాలన్నది మనం కొత్తగా కోరుతున్నది కాదు.

కాబట్టి మన మాట సూటిగా ఇట్లుండాలి.

మొదటిది, ఒకే పనికి ఒకే జీతం, అది నెలనెలా. సీఆర్టీకి ఇది ఇవ్వకుండా మెరిట్ గురించి మాట్లాడే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

రెండోది, జీతంలో కోతలు పెట్టే మెరిట్ మనకు వద్దు. బోనస్ ఇస్తామంటే, మూల వేతనం ముట్టకుండా, పిల్లలు ఎంత ఎదిగారో చూసి ఇవ్వాలి.

మూడోది, గిరిజన భాష నేర్చుకుని దానిలో చెప్పే టీచర్‌కు, బడి ఉన్న ఊళ్లోనే నివాసం ఉండే టీచర్‌కు అదనపు భత్యం ఇవ్వాలి.

నాలుగోది, స్థానిక ఆదివాసీ నిరుద్యోగులకు టీచర్ పోస్టుల్లో హక్కు కాపాడే చట్టం తేవాలి.

ఇవన్నీ ప్రభుత్వాన్ని అడిగేవి. మరి మన వంతు? టీచర్ రావట్లేదని గొణుగుతాం తప్ప, గ్రామసభలో ఎన్నిసార్లు అడిగాం? 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద నియంత్రణ అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ చెప్పింది. బడి కూడా అందులోదే. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. ఆ కమిటీ మీటింగ్ మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు జరిగింది? మినిట్స్ పుస్తకంలో మీ అమ్మ వేలిముద్ర ఉందా, ఉంటే ఏ తీర్మానం కింద ఉంది?

ఇంకో మాట. రాని టీచర్‌ను నిలదీద్దాం, కానీ ఎందుకు రాలేదో కూడా అడుగుదాం. 2024 నవంబర్‌లో తెలంగాణలో కుటుంబ సర్వేకు ఎస్జీటీలనే ఇంటింటికీ తిప్పారు. ఒక్క టీచర్ బడిలో ఆ టీచర్ సర్వేకు పోతే బడి మూతే. అది టీచర్ తప్పు కాదు. అట్లాగే, ఏ పనీ లేకుండా ఇంట్లో కూర్చుని సంతకం పెట్టే మనిషిని "మన సంఘపోడు" అని కాపాడటం కూడా న్యాయం కాదు. వాళ్లు ఆదివాసీ టీచర్లు అయినా సరే. మన ఉద్యోగాల కోసం కొట్లాడే హక్కు మనకు ఉండాలంటే, మన పిల్లలకు చదువు చెప్పే బాధ్యత కూడా మనదే.

ఈ నెల గ్రామసభలో మూడు ప్రశ్నలు రాసుకుని పోండి. మన బడిలో ఎన్ని పోస్టులు ఉన్నాయి, ఎన్ని ఖాళీ? కాంట్రాక్టు టీచర్లకు ఏ నెల వరకు జీతం వచ్చింది? మన భాష తెలిసిన టీచర్ ఎంతమంది? జవాబు రాకపోతే ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల పని. జవాబులు వచ్చాక అందరం కలిసి ఐటీడీఏకు పోదాం.

జోహార్. జై ఆదివాసీ.